ఒక్కపొద్దు నాటి రెండు నక్షత్రాలు

ఆ కబురు మొదట మోసుకొచ్చింది మా పై అంతస్తులో ఉండే ఆపా. హైదరాబాద్ మనిషి. గల్ఫ్‌కు వచ్చి మబేలా అనే ఈ ఊళ్లో ఈ బిల్డింగులోకి మేము చేరిన నాటి నుంచీ నాకు తోడబుట్టిన అక్కలాగే ఉంది. మధ్యాహ్నం పప్పులో పోపు వేస్తుంటే తలుపు కొట్టకుండానే లోపలికి వచ్చి, పొయ్యి పక్కన నిలబడి, ఫోను నా ముఖం ముందు పెట్టింది.

"చూడు చెల్లే, లిస్టు వచ్చింది. మా ఆయన గ్రూపుల పడ్డది. నీ బిడ్డకు రెండు స్టార్లు ఇచ్చిండ్రు."

"రెండంటే మంచిదేనా ఆపా?"

ఆపా ఫోను వెనక్కి తీసుకుంది. "అయిదు దాకా ఉన్నయి" అంది. "నువ్వు ముందు పొయ్యి బంద్ చెయ్యి, ఎల్లిపాయ మాడుతుంది."

ఆ రోజు పప్పు మాడు వాసనతోనే తిన్నాం. అన్నం దొరికిన రోజును తక్కువ చేసి మాట్లాడటం మా అమ్మ నాకు నేర్పలేదు కనుక వంక పెట్టకుండా తిన్నాను. కానీ ముద్ద ముద్దకూ ఆ రెండు నక్షత్రాలే కళ్ల ముందు తిరిగాయి.

సంగతి ఇది. మా అమ్మాయి పన్నెండో తరగతి. స్కూలు జట్టులో ఫుట్‌బాల్ ఆడుతుంది. గోల్ ముందు, వెనక వరుసలో నిలబడి అవతలి జట్టువాళ్లను ఆపటం తన పని. గల్ఫ్‌లోని మన స్కూళ్లలో ఆడే ఆడపిల్లలను చూసి, నక్షత్రాలిచ్చి, వరుసలో పెట్టి ఫోన్లలో పెట్టేవాళ్లు కొందరున్నారు. మన దేశంలో ఒక కాలేజీ ఆ వరుస చూసి, ఇక్కడి పిల్లల్లో ఒక్కరికి ఆట మీద సీటు ఇస్తానన్నది. చదువు, హాస్టలు అంతా వాళ్లదే. ఆ సీటు రాకపోతే బయటి దేశం పిల్లల లెక్కలో కట్టాల్సిన ఫీజు మా ఆయన జీతానికి అందేది కాదు. అప్పుడు మా ఊరి దగ్గర డిగ్రీ కాలేజీలో చేరాలి. అక్కడ ఆడపిల్లల జట్టు లేదు. అంటే ఆట అక్కడితో అయిపోయినట్టే. నా బిడ్డకు ఆ ఆట ఏమిటో నేను మాటల్లో చెప్పలేను. జ్వరం వచ్చిన రోజు కూడా బూట్లు మంచం కింద పెట్టుకుని పడుకునే పిల్ల.

నాకు మార్కులంటేనే తెలియదు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది. బడి పక్క ఊళ్లో, దారంతా దుమ్ము. అందుకని మా అమ్మే ఇంట్లో చదువు చెప్పింది. వంట చేసుకుంటూ నా చేత చదివించుకునేది. తప్పు చదివితే "మళ్లా" అనేది, సరిగ్గా చదివితే ఏమీ అనేది కాదు. ఆ ఏమీ అనకపోవడమే నాకు పాసైనట్టు. ఎవరికంటే ముందున్నానో, ఎవరికంటే వెనకున్నానో చూసుకోవడానికి నా పక్కన ఎవరూ లేరు. దేవుడు అలాంటి చదువు ఇచ్చినందుకు ఈ రోజుకీ దండం పెట్టుకుంటాను. కానీ ఈ నక్షత్రాల ముందు ఆ చదువు నాకు ఎందుకూ పనికిరాలేదు.

"ఇది అమెరికా నుంచి వచ్చిన అలవాటు అమ్మా" అని మా అమ్మాయి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వీడియోలు చూపించింది. వాళ్ల ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. తలకు టోపీలాంటి కవచం పెట్టుకుని, బంతిని చంకలో పెట్టుకుని ఉరుకుతారు. ఇంకా బడిలో ఉన్న పిల్లలకే నక్షత్రాలిస్తారు, కాలేజీలు వెంటపడతాయి. ఒక పిల్లవాడు బల్ల మీద కాలేజీల టోపీలు వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. అందులో ఏది తీసి తల మీద పెట్టుకుంటాడా అని వాళ్లమ్మ, నాన్న, చుట్టాలు, ఊరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. పెళ్లిచూపులకంటే ఎక్కువ హడావిడి.

"ఈ పిల్లగానికి అయిదు స్టార్లు" అంది మా అమ్మాయి. "తర్వాత ఏడికి పోయిండో ఎవరికీ ఎరుకలేదు. గీ ఇంకొకాయనకు ఒక్కటి గూడ లేకుండె. ఇప్పుడు పెద్ద పెద్ద జట్లల్ల ఆడుతుండు."

"అయితే ఈ స్టార్లన్నీ ఉత్తయేనా బిడ్డా?"

"ఉత్తయి గూడ కావమ్మా. ఎక్కువ స్టార్లున్నోళ్లను జమ చేసుకున్న కాలేజీలే ఎక్కువ గెలుస్తయి."

నాకు అయోమయం ఎక్కువైంది. గుంపు మీద నిజమయ్యేది ఒక్కరి మీద ఎందుకు నిజం కాదు? పని చేసుకుంటూ నాకు తోచిన విధంగా సర్దిచెప్పుకున్నాను. బస్తాలోంచి గుప్పెడు బియ్యం తీసి చూస్తే బస్తా ఎలాంటిదో చెప్పొచ్చు. ఒక్క గింజను పట్టుకుని ఇది ఉడుకుతుందా, పలుకు ఉంటుందా అంటే ఎవరు చెప్తారు? ఈ మాట మా ఆయనతో అంటే ఆయన నవ్వలేదు. ఆయన సైట్ మీద సూపర్‌వైజరు. మొదట మేస్త్రీగా వచ్చాడు.

"నన్ను గూడ గట్లనే చూసిండ్రు" అన్నాడు. "ఏజెంటు దగ్గర ఎండల నిలబెట్టి గోడ కట్టమన్నరు. కంపెనీ సారు గొడుగు పట్టుకోని జరసేపు చూసిండు, నన్ను పాస్ అన్నడు. నా పక్కకు కట్టినోడు నాకంటే మంచిగ కడుతుండె. ఆ పొద్దు వాని చెయ్యి వణికింది. ఇంటికి పంపిండ్రు."

"ఎందుకు వణికింది?"

"నాకేం తెల్సు? నేను అడగలే. పాసైన సంతోషంల ఉన్న."

వణికిన చెయ్యి అనగానే నాకు తట్టింది. మా అమ్మాయిని చూడటానికి ఆ లిస్టు రాసే నక్షత్రాలాయన వచ్చింది శనివారం. మా ఇంట్లో శనివారం వెంకన్నకు ఒక్కపొద్దు. పొద్దున్నుంచి ఏమీ తినకుండా, సాయంత్రం దీపం పెట్టాకే అన్నం. మా అమ్మ నుంచి నాకు, నా నుంచి నా బిడ్డకు వచ్చిన ఆనవాయితీ. ఆ రోజు మ్యాచు ఇబ్రా ఊరి స్కూలు జట్టుతో. ఇబ్రా జట్టులో ఒక పిల్ల ఉంది, సన్నగా, పొడుగ్గా, జడ తలకు చుట్టి కట్టుకుంటుంది. బంతి దొరికిందంటే ఇక ఆ పిల్లను ఎవరూ పట్టుకోలేరు. ఆ రోజు పడ్డ ఒక్క గోలు తనదే. ఆ పిల్లకు అయిదు నక్షత్రాలు, వరుసలో మొదటి పేరు. మా పిల్ల రెండో సగంలో చాలాసేపు నిలబడే ఉండటం నేనూ చూశాను. ఖాళీ కడుపు కాదూ మరి!

నక్షత్రాలాయన మన తెలుగువాడే, కోస్తా మనిషి. పగలు అల్ ఖువైర్‌లో ఏదో ఆఫీసులో ఉద్యోగం, ఈ చూడటం సెలవు రోజుల పని. మా ఆయన ఫోన్ చేసి అడిగితే కాదనకుండా ఆఫీసు అయ్యాక చాయ్ దుకాణం దగ్గరికి రమ్మన్నాడు. కోపంగా ఉంటాడేమో అనుకున్నాను. మంచి మనిషి. మాకు తనే చాయ్ తెప్పించాడు.

"రెండో సగంలో మీ అమ్మాయి నిలబడిపోయిందమ్మా" అన్నాడు. "ఆ ఇబ్రా అమ్మాయి చివరిదాకా పరిగెడుతూనే ఉంది. నేను చూసిందే రాశానండి."

"ఆ రోజు శనివారం సార్. ఒక్కపొద్దు. పిల్ల పొద్దున్నుంచి ఏమీ తినలేదు."

ఆయన కప్పు కింద పెట్టేశాడు. "అయ్యో, ఆ మాట నాకెవరూ చెప్పలేదండీ. మా అమ్మగారు కూడా శనివారాలు ఉండేవారు." జేబులోంచి ఫోను తీసి తేదీలు చూశాడు. "మంగళవారం ప్రాక్టీసుకి వస్తాను. మళ్లీ చూస్తాను. సరేనా?"

దేవుడే ఈ మనిషి నోట ఆ మాట పలికించాడనుకున్నాను. వచ్చేముందు ఉండబట్టలేక అడిగాను. "ఏమీ అనుకోకండి సార్. మీరిచ్చిన నక్షత్రాలు ఎప్పుడన్నా తప్పినయా?"

ఆయన పెద్దగా నవ్వాడు. "తప్పనివి చెప్పమనండమ్మా, తొందరగా అయిపోద్ది." తర్వాత నవ్వు తగ్గించి, "బాగా ఆడే గుంపు ఇదీ అని చెప్పగలనండి. అందులో ఈ పిల్ల రేపు ఏమవుద్దీ అంటే మాత్రం ఊహే. ఇంకా ఎదిగే పిల్లలు, ఒళ్లు మారుద్ది, మనసు మారుద్ది. కానీ ఊహ అని రాసిస్తే కాలేజీవాళ్లు తీసుకోరు. అంకె కావాలంటారు" అన్నాడు.

"మరి తెలియనప్పుడు తెలియదని..."

"అంటే వాళ్లు తెలుసు అనేవాడి దగ్గరికి పోతారమ్మా."

మంగళవారం నేను బిడ్డకు దగ్గర కూర్చుని తినిపించాను. పప్పు, నెయ్యి, కోడిగుడ్డు, మీద పెరుగన్నం. "గింత తిని ఉరుకుడెట్లనే అమ్మా, దొర్లుడే ఇగ" అని గొణిగింది. గ్రౌండు కంచె బయట నేను లోలోపల గోవింద నామాలు చెప్పుకుంటూ నిలబడ్డాను. నక్షత్రాలాయన అటు చివర కుర్చీలో కూర్చున్నాడు. మొదట బాగానే ఆడింది. రెండో సగం రాగానే మళ్లీ అదే కథ. అందరూ ఉరుకుతుంటే నా బిడ్డ బస్సు కోసం ఎదురుచూసే మనిషిలాగా నిలబడింది. బంతి దగ్గరికొస్తే తన్నేది, మళ్లీ నిలబడేది.

వెళ్లేముందు ఆయన నా దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు. "ఏమనుకోకండమ్మా. ఇవాళ కూడా నాకు అదే కనిపించింది." రెండు నక్షత్రాలు రెండుగానే ఉండిపోయాయి.

కారులో తిరిగొస్తూ నేను ఆగలేకపోయాను. "నిండా తిన్నవు గదా బిడ్డా. ఇయ్యాల ఎందుకు నిలబడ్డవు?"

తను వెనక సీటులో బూట్ల తాళ్లు విప్పుకుంది. తర్వాత, "ఒకటి చెప్త. తిట్టొద్దు."

"చెప్పు."

"ఆ శనివారం గూడ నేను ఒక్కపొద్దు లేనే. పైకి పోయి ఖాలా ఇంట్ల పరాఠాలు తిన్న."

మా ఆయన స్టీరింగు మీద చెయ్యి కొట్టి నవ్వటం మొదలుపెట్టాడు. "అల్ ఖువైర్ దాక పోయి, గంత పెద్దమనిషి ముంగట, మా పిల్ల ఉపాసమున్నదని చెప్పొస్తివి గదనే!" సిగ్నలు పచ్చగా మారినా కదల్లేదు. వెనక బండ్లు హారన్లు కొట్టాయి. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంటికి రాగానే మెట్లెక్కి ఆపాను అడిగాను. ఆవిడ ఏమాత్రం తడబడలేదు. "అవ్, పెట్టిన. మ్యాచ్ ఉన్నది, పిల్ల ఖాళీ కడుపుతోటి పోతదా? మీ దేవునికి జవాబు నేను చెప్పుకుంట, నువ్వు ఫికర్ చెయ్యకు." నా బిడ్డ ఆకలి నాకంటే ముందు గమనించిన మనిషి. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

అయితే ఖాళీ కడుపు కాదు. మరేమిటి? అడిగితే మా అమ్మాయి చెప్పిన జవాబు ఇది: "బాల్ ఏడికొస్తదో ముందే ఎరుకైతే ఆడనే నిలబడ్త. ఎరుకగానోళ్లు ఉరుకుతరు." చెప్పిన తీరు చూస్తే నిజమే అనిపించింది. తప్పు కప్పిపుచ్చుకునే పిల్ల కూడా సరిగ్గా అలాగే చెబుతుంది. పరాఠాల సంగతి కూడా ఇన్నాళ్లు ఎంత మామూలుగా దాచింది! ఆ మాట పట్టుకుని నక్షత్రాలాయనకు ఫోన్ చేశాను, పనిలో పనిగా ఒక్కపొద్దు అబద్ధానికి క్షమించమని కూడా చెప్పుకోవాలి. పరాఠాల మాట విని ఆయన నవ్వాడు. నిలబడే సంగతి చెప్పగానే నవ్వు ఆపేశాడు. "అది తెలివో బద్ధకమో బయటి నుంచి చూస్తే ఒక్కలాగే ఉంటాయమ్మా. చాలా రోజులు చూస్తే తప్ప చెప్పలేం. నాకంత టైం ఎవరిస్తారండీ?" అన్నాడు.

కన్నప్పటి నుంచీ చూస్తున్నదాన్ని, నాకూ చెప్పటం చేతకాలేదు. రోజూ దీపం పెట్టేటప్పుడు ఏం అడగాలో తెలిసేది కాదు. సీటు ఇప్పించమని అడగాలంటే, అర్హత ఉందో లేదో తెలియని దాన్ని అడుగుతున్నట్టు ఉండేది. ఇచ్చినవాటికి దండం పెట్టుకుని లేచేదాన్ని.

కొన్ని వారాలకు కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి కోచ్ మేడం. హిందీలో మాట్లాడింది. మా అమ్మాయికే సీటు ఇస్తున్నామంది. మా ఆయన ఫోను స్పీకర్లో పెట్టి నిలబడే విన్నాడు. నేను గోడకు ఆనుకున్నాను. మా అమ్మాయి మాత్రం, "నాకు రెండే స్టార్లున్నయి మేడం" అనేసింది. సీటు చేతికొచ్చిన వేళ ఆ మాట అవసరమా అని మా ఆయన కళ్లు పెద్దవి చేశాడు.

మేడం చెప్పింది విన్నాక నా సంతోషం సగంలో ఆగిపోయింది. వాళ్లు మొదట తీసుకున్నది ఇబ్రా పిల్లనే. నెల కిందట ఆ పిల్ల మోకాలు దెబ్బతింది. ఆపరేషన్ చెయ్యాలట, మళ్లీ ఆడుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారట డాక్టర్లు. ఆ మాట ఆ పిల్లే ఫోన్ చేసి చెప్పిందట, మీ సీటు ఖాళీగా పెట్టుకోవద్దని. అప్పుడు మేడం అడిగిందట, ఇన్ని జట్లతో ఆడావు కదా, నీకు ఎవరి ముందు ఆడటం కష్టమైంది అని. ఆ పిల్ల మా అమ్మాయి పేరు చెప్పింది. తర్వాత మేడం పాత మ్యాచులు తెప్పించుకుని చూసిందట.

ఆ వారమే లిస్టు కొత్తగా వచ్చింది. ఆపా మళ్లీ ఫోను పట్టుకుని దిగింది. "మాషాల్లా, నీ బిడ్డకు ఇప్పుడు మూడు!" కాలేజీ తీసుకున్నదని తెలిసి ఒకటి పెంచారు. ఆ మంగళవారం నుంచి ఇవాళ్టిదాకా నా బిడ్డ ఒక్క మ్యాచు కూడా ఆడలేదు, పరీక్షలకు చదువుకుంటోంది. నక్షత్రం చూసి సీటు ఇస్తారనుకున్నాను, ఇక్కడ సీటు చూసి నక్షత్రం ఇచ్చారు. ఏది ముందో, ఏది వెనకో నాకు అర్థం కాలేదు. ఆపా తెచ్చిన ఖర్జూరం నోట్లో వేసుకున్నాను.

శుక్రవారం ఇబ్రా వెళ్లాం. మా అమ్మాయే పోదామంది. వాళ్లది కడప నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి బట్టల దుకాణంలో పని చేస్తాడు. దుకాణం వెనక గల్లీలో ఇల్లు. ఆ పిల్ల మంచం మీద కాలు దిండ్ల మీద చాపుకుని ఉంది, మోకాలికి పెద్ద పట్టీ. నేను గుమ్మంలోనే నిలబడిపోతే తనే పిలిచింది.

"రాండి ఆంటీ, రాండి. నా సీటు తీస్కపోయేదానికి మీరే వచ్చినారా?"

వాళ్లమ్మ "ఏయ్!" అని కసిరింది. మా అమ్మాయి మంచం మీద పక్కన కూర్చుని, "నువ్వే ఇచ్చి, నువ్వే మాట్లాడుతున్నవా?" అంది. ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"నచ్చత్రాలు అయిదు ఉండాయి ఆంటీ నాకు" అంది ఆ పిల్ల మోకాలు తట్టి చూపించి. "ఇది ఒగటే సరిగా లేదు. ఇది ఎవురూ సూడల్యా."

వాళ్లమ్మ చాయ్ తేవటానికి లోపలికి వెళ్లింది. అప్పుడు అడిగాను. "నిజం చెప్పు బిడ్డా. మా పిల్ల పేరు ఎందుకు చెప్పినవు? నిజంగనే కష్టమైందా?"

ఆ పిల్ల మా అమ్మాయి వంక చూసింది. "అవును ఆంటీ. నేను యాడికి పోతే ఆడ ముందే నిలబడి ఉంటాది. దెయ్యం మాదిరి. ఆ పొద్దు ఆ ఒక్క గోలు గూడా ఆమె కాలు జారితేనే పడింది."

నా గుండె తేలికపడింది. అంతలోనే ఆ పిల్ల మళ్లీ అంది. "ఏమో ఆంటీ, అది గూడా కాదేమో. మ్యాచ్ అయినాక నాకు కాలు పట్టేస్తే, అందురూ గోలు వేసినావని వచ్చి పోటోలు దిగినారు. ఈమె ఒగతే కింద కూసోని కాలు ఒత్తింది. మేడం అడిగినప్పుడు ఆ పేరే నోట్లోకి వచ్చేసింది. ఎందుకని వచ్చిందో నాకే తెల్దు."

మా అమ్మాయి ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. వాళ్ల నాన్న దుకాణం నుంచి వచ్చి, మా అమ్మాయి తల మీద చెయ్యి పెట్టి, "బాగా ఆడు తల్లీ" అన్నాడు. ఆయన ముఖం చూడలేక నేను చాయ్ కప్పు వైపు చూస్తూ కూర్చున్నాను.

వచ్చే నెల మా అమ్మాయి కాలేజీకి వెళ్తుంది. దేవుడికి ఎన్ని దండాలు పెట్టుకున్నా తీరదు. కానీ దండం పెట్టుకోబోయిన ప్రతిసారీ చేతులు సగంలో ఆగుతున్నాయి. నా బిడ్డకు అందిన సీటు ఇంకో తల్లి బిడ్డ చేతిలోంచి జారింది. దీన్ని దయ అనాలా? అది దయ అయితే ఇబ్రాలో ఆ ఇంటికి వచ్చిందాన్ని ఏమనాలి? నా బిడ్డ ఆ సీటుకు తగినదో కాదో కూడా నాకు తెలియదు. నక్షత్రాలాయనకు తెలియదు, పేరు చెప్పిన పిల్లకే సరిగ్గా తెలియదు. అక్కడికి వెళ్లి ఆడాక తెలుస్తుందేమో, లేదా అప్పుడూ తెలియదేమో.

ఆ పిల్లకు ఈ నెలలోనే మోకాలి ఆపరేషన్. ఇది చదివిన మీకు నేను చేసుకునే విన్నపం ఒక్కటే. మీరు దీపం పెట్టేవాళ్లయినా, దువా చేసేవాళ్లయినా, ఏదీ చెయ్యనివాళ్లయినా సరే, జడ తలకు చుట్టుకుని ఉరికే ఆ ఇబ్రా పిల్లను ఒక్కసారి మనసులో తలుచుకోండి.